ఐదో ముత్తైదువ

వాళ్ళను క్షమించేశావా అని మా ఆయన ఇప్పటికీ అడుగుతుంటాడు. లేదు. ఆ విషయంలో నాకేం తొందర లేదు.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకం భయపడుతున్న ఏడాది నేను సిడ్నీ వచ్చాను. పాత కోబాల్ ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసే పని. తెచ్చినవాడు మన తెలుగువాడే, చిన్న కన్సల్టెన్సీ యజమాని. నాతోపాటు వచ్చిన నలుగురు కుర్రాళ్ళకు క్వేకర్స్ హిల్‌లోని తన ఇంటి గ్యారేజీలో పరుపులు వేయించాడు. నన్ను మాత్రం ఇంట్లోనే, వంటగది పక్క గదిలో పెట్టారు. ఆడపిల్లవు, మా కళ్ళముందు ఉంటే భద్రం అన్నారు.

"నువ్వుండగా వీళ్ళకి టేక్‌అవే ఎందుకు అమ్మాయ్?" అంది యజమాని భార్య, నేను వచ్చిన మర్నాడే. అంతే, ఆ ఇంటి పొయ్యి నా నెత్తిన పడింది.

ఆ ఇంట్లో ఎవరి చోటు వాళ్ళకు ఉండేది. ముందుగదిలో సోఫాలు డాక్టర్లవీ, సొంత ఇళ్ళు కొన్నవాళ్ళవీ. డైనింగ్ టేబుల్ దాకా పీఆర్, అంటే శాశ్వత నివాస హక్కు, వచ్చినవాళ్ళకు ప్రవేశం. గ్యారేజీ కుర్రాళ్ళు శనివారాలు లాన్ కోసి, కార్లు కడిగి, పెరటి మెట్ల మీద కూర్చుని తినేవారు. నేను అందరికీ వడ్డించాక వంటగట్టు దగ్గర నిలబడి మింగేదాన్ని. పొద్దున్నే ట్రైనెక్కి, సిటీలో దిగి, మెడలో ఐడీ కార్డు వేసుకున్నాక గానీ మళ్ళీ మనిషిననిపించేది కాదు.

మా ఆయన కాకినాడలో ఉన్నాడు. పెళ్ళయి ఇంకా ఏడాది కాలేదు. అతను రావాలంటే వీసా కాగితం మీద యజమాని సంతకం పెట్టాలి. అడిగినప్పుడల్లా, "ఇయర్ ఎండ్ అవనీయమ్మా, ఇప్పుడు నీకు డిస్ట్రాక్షన్ ఎందుకు?" అనేవాడు. పనిలో ఒత్తిడి కాబోలని నేనూ సరిపెట్టుకున్నాను. ఒకరోజు అతని భార్య ఫోనులో చెబుతుంటే విన్నాను.

"వాళ్ళాయన వచ్చాడంటే వేరే యూనిట్ అద్దెకు తీసుకుని పోతుంది వదినా. మళ్ళీ ఇంత మందికి ఎవరు వండుతారు?"

వీళ్ళకు రాత్రిపూట వేడివేడి చారు కావాలి గనుక నేను మొగుడు లేకుండా ఉండాలన్నమాట. ఒళ్ళు మండిపోయింది.

పక్కింట్లో ఒక ఫిజీ ఆంటీ ఉండేది. ముత్తాతల కాలంలో కూలి ఒప్పందం మీద చెరుకు తోటలకు వెళ్ళిన తెలుగు కుటుంబం. ఫిజీలో గొడవలయ్యాక సిడ్నీ చేరారు. హిందీ కలిసిన వచ్చీరాని తెలుగు ఆవిడది. కూతురు యూనివర్సిటీలో అమెరికా చరిత్ర చదివేది. ఆ పిల్లకు తెలుగు అర్థమయ్యేది, జవాబు మాత్రం ఇంగ్లీషులో చెప్పేది. ఒక ఆదివారం బట్టలు ఆరేస్తూ కంచె దగ్గర వాళ్ళిద్దరికీ నా గోడు చెప్పుకున్నాను.

ఆ పిల్ల తాను చదువుతున్నది చెప్పింది. అమెరికా ఇంకా ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉన్న రోజుల్లో, ఓడ ఖర్చు పెట్టుకోలేని పేద తెల్లపిల్లలు కొన్నేళ్ళ చాకిరీకి ఒప్పుకుని వెళ్ళేవారట. దొరసాని ముందుగదిలో, వీళ్ళు వంటింట్లో. యజమాని ఒప్పుకుంటే తప్ప పెళ్ళి చేసుకోకూడదట. చెప్పకుండా చేసుకుంటే చాకిరీ గడువు పెంచేవాడట. పొలాల్లో బానిసలైన నల్లవాళ్ళకు అసలు గడువన్నదే లేదట.

"మా నానీది, అమ్మమ్మది కూడా అదే కథ బేటీ," అంది ఆంటీ. "పగలు చెరుకు కొట్టేది. సాయంత్రం కులంబర్ ఇంట్లో రొట్టెలు చేసేది." కులంబర్ అంటే అక్కడి తెల్ల మేస్త్రీ.

"మరి నానీ ఊరుకుందా ఆంటీ?"

"ఊరుకోలే. టైమ్ కోసం చూసింది. అందరూ ఉన్నప్పుడు వాడి మొహం మీద పేడనీళ్ళు కొట్టింది."

నేనూ సమయం కోసం చూశాను.

శ్రావణమాసం వచ్చింది. యజమాని భార్య వరలక్ష్మీ వ్రతం పెట్టుకుంది. శుక్రవారం నాచేత సిక్ లీవు పెట్టించి తొమ్మిది రకాలు వండించింది. సాయంత్రం పేరంటానికి అందరికీ ఫోన్లు వెళ్ళాయి. నన్ను బొట్టు పెట్టి పిలవలేదు. వంట చేసేదాన్ని పిలిచేదేమిటని కాబోలు. పక్కింటి ఆంటీనీ పిలవలేదు. ఇంటిపేరు అడిగితే ఆంటీ తన తాత పేరు చెప్పింది. తోటల రికార్డుల్లో అదే ఇంటిపేరుగా స్థిరపడిపోయింది మరి. దాన్నిబట్టి కులం తేలక, "ఎవరో ఏమిటో, మనకెందుకు," అని యజమాని భార్య మూతి తిప్పుకుంది.

ఐదుగురు ముత్తైదువలకు వాయనాలిస్తానని ఆవిడ మొక్కు. నలుగురు వచ్చి వరసగా కూర్చున్నారు. ఐదో ఆవిడ పిల్లకు జ్వరమని ఫోన్ చేసింది. కంచెకు అవతల నిండు ముత్తైదువ ఉన్నా, ఇల్లాలు నేరుగా వంటగదిలోకి వచ్చింది.

"చేతులు కడుక్కుని వచ్చి కూర్చో అమ్మాయ్. ఒక్క ఐదు నిమిషాలు. తర్వాత వచ్చి అప్పడాలు వేయిద్దువుగాని."

అక్కడే దొరికిపోయింది. పేరంటంలో పీట మీద కూర్చున్నది ఎవరైనా సరే, ఆ కాసేపు లక్ష్మీదేవే. ఇల్లాలు ఆమె కాళ్ళకు పసుపు రాయాలి. వాయనం పుచ్చుకున్నానని ఆమె నోటితో అనాలి. అనకపోతే వ్రతం తీరదు.

స్టవ్ కట్టేశాను. గదిలోకి వెళ్ళి పెళ్ళిచీర కట్టుకుని, వీసా కాగితం చేత్తో పట్టుకుని వచ్చి కూర్చున్నాను. నలుగురికీ పసుపు రాసి ఆవిడ నా ముందుకు వచ్చింది. నేను కాళ్ళు చీరలోకి లాక్కున్నాను.

"కాళ్ళు ముందుకు పెట్టవే," అంది.

"ముందు సార్‌ని దీని మీద సంతకం పెట్టమనండి."

"పూజ మధ్యలో ఇదేం పేచీ?"

"ముత్తైదువనని కూర్చోబెట్టారు కదండీ. మరి నా మొగుణ్ణి రానివ్వరేం?"

"అదేంటి వదినా, ఆ పిల్ల మొగుణ్ణి మీరు ఆపారా?" అంది ఒక డాక్టరు గారి భార్య. ముందుగదిలోంచి యజమాని ఎర్రబడ్డ మొహంతో వచ్చాడు.

"వాట్ ఈజ్ దిస్ నాన్సెన్స్? మండే మాట్లాడదాం."

"మండే దాకా ఇలాగే కూర్చుంటాను సార్."

నన్ను వెళ్ళగొట్టలేడు. జనవరి ఒకటి దాటేదాకా క్లయింటు నన్ను వదలడు, ఆ సంగతి నాకంటే అతనికే బాగా తెలుసు. పైగా ఇంటినిండా పెద్దమనుషులు. "పెట్టేయండీ, దీపం కొండెక్కేలా ఉంది," అని భార్య ఏడుపు గొంతుతో అంది. అతను ఎవరినో పెన్ను అడిగి, కాగితం గోడకు ఆనించి సంతకం పెట్టాడు. దాన్ని మడిచి జాకెట్టులో దోపుకుని, అప్పుడు పాదాలు బాగా ముందుకు చాపాను. ఆవిడ వంగి పసుపు రాసింది. వేళ్ళ సందుల్లో కూడా రాయించుకున్నాను.

"ఇస్తినమ్మ వాయనం."

"పుచ్చుకుంటినమ్మ వాయనం."

"నా వాయనం పుచ్చుకున్నదెవరమ్మా?" అని అడిగింది ఆవిడ, తలెత్తకుండా.

"నేనేనమ్మా వరలక్ష్మిని," అన్నాను, ముందుగదిలో సోఫాలకు కూడా వినబడేలా.

ఆ పూట నేను వంటగదిలోకి వెళ్ళలేదు. డాక్టరు గారి భార్య పక్కనే కూర్చున్నాను. వడ్డన ఇల్లాలే చేసుకుంది. నా ప్లేటు దగ్గరకు వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త వెయ్యమన్నాను. ఆకలి వేసి కాదు.