మా నీరటి నిద్రపోలేదు

మా ఊరి నీరటి పోయిన శుక్రవారం పొద్దున కాలం చేశాడు. కాలువ నీళ్లను వంతు తప్పకుండా మడిమడికీ పంచే మనిషి. సాయిబుల ఇంటి బిడ్డ, నాకు గోడ అవతలి తమ్ముడు. జనాజా పాడె లేపుతుంటే వాకిట్లో నిలబడ్డ ఒకడు పక్కవాడితో, "జర నిద్ర లేపున్రి, హీరో వస్తుండు" అన్నాడు. ఇద్దరూ నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని నవ్వారు. చావింట్లో నోరు చేసుకోకూడదని ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను. నాకు చదువు లేదు. నేను చెబుతుంటే మా మనుమరాలు రాస్తోంది. ఒక్క మాట కూడా మెత్తగా చేయవద్దని దానికి ముందే చెప్పాను.

ఆ నవ్వు ఎక్కడిదో తెలియనివాళ్ల కోసం చెబుతాను. కొన్నేళ్ల కింద ఒక సినిమా హీరో హాలియా దగ్గర, మా ఊరి సాగర్ కాలువ కింద ఎనిమిదెకరాలు తీసుకున్నాడు. ఒక యాసంగి పంటకాలం తానే వ్యవసాయం చేస్తాడట, దాన్ని టీవీలో వారం వారం చూపిస్తారట. చెడ్డవాడేమీ కాదు. నన్ను "అమ్మా" అని పిలిచాడు, మా సద్దిలో జొన్నరొట్టె అడిగి తిన్నాడు. కానీ వచ్చేది పది రోజులకొకసారి. మిగతా రోజులు ఆ పొలం మా నీరటి చేతుల్లోనే ఉండేది. నాట్లకూ కలుపుకూ వెళ్లిన ఆడవాళ్లకు నేను పెద్దను కనుక అంతా నా కళ్ల ముందే జరిగింది.

నాట్లనాడే మొదటి తగువు. బొమ్మ సరిగ్గా రాలేదు, నాటిందంతా పీకి మళ్లీ నాటమన్నారు కెమెరావాళ్లు. నీరటి మడిలోకి దిగి అడ్డం నిలబడ్డాడు. "గిది నారు సార్. మీ లెక్క మళ్ల మళ్ల చేయనీకి రాదు, పానం పోతది" అన్నాడు. నారు కోసం అంత గట్టిగా నిలబడ్డ మనిషి తన కోసం మాత్రం నిలబడలేదు. నా కోపమంతా అక్కడే.

కలుపు తీస్తున్న ఒక మధ్యాహ్నం కెమెరావాళ్లు ఆయన్ను ఒడ్డు మీద పడుకోమన్నారు.

"నీళ్ల వంతు నడుస్తాంది సార్. పండుకునుడేంది? నవ్వుతరు."

"ఊరికే బొమ్మ కోసం భాయ్. ఒక్క నిమిషం."

ఊరికి వచ్చినవాళ్లు అడిగితే కాదనలేడు. పార పక్కన పెట్టి, ఒరిగి, కళ్లు మూసుకున్నాడు. హీరో కొత్త పార పట్టుకుని వచ్చి, మడికి నీళ్లు పెడుతున్నట్టు ఒడ్డుకు గండి కొట్టాడు. ఏ వైపు? వెలుతురు బాగున్న వైపు. దాని అవతల మురుగు వాగు. మడిలో నీళ్లన్నీ వాగులోకి ఉరికాయి.

"అక్కా, గడ్డి తే!" అని అరుస్తూ ఆ నిద్రపోతున్న మనిషి ఒక్క దూకు దూకి గండిలో కూర్చున్నాడు. నీళ్లకు వీపు అడ్డం పెట్టాడు. కెమెరా ఆయన ఆపమని ఒకటే కేకలు. "నువ్వు ఆగు నాయినా, ముందుగాల నీళ్లను ఆపనియ్యి" అన్నాను. మేము గడ్డీ మట్టీ మోసుకొచ్చి పూడ్చేదాకా నీరటి లేవలేదు.

ఆ వారం పంచాయతీ ఆఫీసు టీవీ ముందు ఊరంతా కూర్చుంది. నీరటి పడుకోవడం చూపించారు. హీరో పార ఎత్తడం, నీళ్లు మెరవడం చూపించారు. పనివాడు నిద్రపోయినా యజమాని మేలుకుని పంట కాపాడుకున్నాడని ఒక గొంతు చెప్పింది. గండిలో కూర్చున్న వీపు మాత్రం లేదు. ఊరు గొల్లున నవ్వింది. నీరటి కూడా నవ్వాడు. ఆనాటి నుంచి చచ్చేదాకా, చచ్చినాక కూడా, అదే మాట: "సాయిబూ లే, హీరో వచ్చిండు."

"నీకు నోరు లేదా తమ్మీ? జరిగింది చెప్పవేంది?" అని తిట్టాను.

"టీవీల పొలం పచ్చగ కనవడ్డదా లేదా అక్కా?"

"కనవడ్డది."

"ఇంకేంది మరి. గా పచ్చ నాదే గద."

ఆయన మన్నించాడు. నేను మన్నించలేదు. నవ్వినవాడా, నిన్నే అడుగుతున్నాను. నీ మడి కాలువ కొసకు ఉంది. కాలువ సన్నగా పారిన ఏడాది పై మడుల రైతులతో అమ్మనా బూతులు తిట్టించుకుని నీ మడి దాకా నీళ్లు తెచ్చింది ఎవరు? "కొస మడి తడిస్తెనే వంతు అయినట్టు" అని ఎవరన్నారు? ఆనాడు నువ్వు ఇంట్లో పడుకున్నావు. నీ పెళ్లాం నా దగ్గరికొచ్చి ఏడ్చింది. టీవీవాళ్ల దగ్గర బొమ్మలున్నాయేమో, నా దగ్గర కళ్లున్నాయి. ఏ పెద్దమనుషుల ముందుకు పిలిచినా వచ్చి ఇదే చెబుతాను.

మొన్న ఆయన బావమరిది మా అరుగు మీద కూర్చుని ఆఖరి స్నానం సంగతి చెప్పాడు. పాదాల పగుళ్లలో కాలువ ఎర్ర ఒండ్రు గట్టిగా పట్టుకుని ఉందట. "ఎంత రుద్దినా పోలే అక్కా" అన్నాడు. బొక్కెన మీద బొక్కెన తెచ్చారట. తెల్లబట్ట చుట్టే ముందు పోసిన చివరి చెంబు నీళ్లు కూడా ఆయన మడమల మీదుగా ఎర్రగానే జారాయట.