చేతిమీద ఆరని పెట్రోలు

మా సిద్దిపేటలో ఇంజన్లు విప్పి బాగుచేసే మిస్త్రీ ఒకడుండేవాడు. కొత్త పిస్టన్లు వేసేముందు ఆ బండి ట్యాంకులోని పెట్రోలు మణికట్టు మీద రాసుకునేవాడు. అది ఆరేదాకా ఎవరు పలకరించినా పలికేవాడు కాదు.

యుద్ధకాలం, పెట్రోలుకు రేషను. దుబ్బాక చీరల మూటలు పట్నం చేరవేసే లారీ సేటు ఒకరోజు తల ఎత్తుగా ఉన్న పిస్టన్లు తెచ్చాడు. వాటితో కంప్రెషన్ పెరుగుతుంది. పెట్రోలు ఆవిరి మరింత ఇరుకున నలిగి బండికి బలమిస్తుంది. కానీ పెట్రోలు నాసిరకమైతే అది వేళగాని వేళ పేలి పిస్టన్లనే పగలగొడుతుంది. లైబ్రరీలో ఇదంతా శ్రద్ధగా చదివినవాణ్ణి కనుక నేనూ దగ్గరికి వచ్చి చూస్తున్నాను.

"అసలు పెట్రోలే పోస్తున్నవా సేటూ?" అని అడిగాడు మిస్త్రీ.

"అసలుదే! నన్ను నమ్మవా ఏంది?"

మిస్త్రీ లారీ ట్యాంకులోని పెట్రోలు మణికట్టు మీద రాసుకుని చేయి చాపి నిలబడ్డాడు. అసలు పెట్రోలైతే ఇట్టే ఆరిపోవాలి. ఎంతసేపు చూసినా చర్మం మీద జిడ్డు మెరుస్తూనే ఉంది. సేటు తల దించుకున్నాడు.

"దీపాల గాసునూనె కలిపినవ్. దీనికి గీ ఎత్తు తలలు ఆగయి. చదును తలలే ఏస్త."

"అట్లయితె పోటీ లారీ నన్ను దాటిపోతది. మూటలన్ని వానికే ఇస్తరు!"

"దాటనియ్యి. పిస్టన్లు పగిలి నడితొవ్వల నిలవడితె ఎడ్లబండ్లు సుత దాటుతయ్."

సేటు మిస్త్రీ సామాన్ల పెట్టె తెరిచాడు. అందులోంచి చదును పిస్టన్ ఒకటి తనే తీసి అందించాడు.

"కోపం జెయ్యకు సేటూ," అన్నాడు మిస్త్రీ, అందుకుంటూ. అంత మెత్తటి మాట అతని నోట మళ్లీ వినలేదు నేను.