మొదటి ఆదివారం పట్టేసే గొంతు

పోయిన వారం మా పెద్ద తోడికోడలు చింతపల్లి నుంచి ఫోను చేసి, "అమ్మీ, గొంతు పట్టేత్తన్నాదే, ఎవులో పీక నొక్కినట్టుంటన్నాది, ఎనకటికి నీకూ ఇలాగే వొచ్చీది కదా, ఏటి సేసీదానివి?" అని అడిగింది. లోకంలో ఇంతమంది ఉండగా ఆవిడ నన్నే అడగవలసి వచ్చినందుకు నాకు కలిగిన సంతోషాన్ని నా ఈడువాళ్ల దగ్గర దాచిపెట్టను. మంచిదాన్నని అనిపించుకునే వయసు దాటిపోయింది.

ఆ గొంతునొప్పి కథ తొంభైల నాటిది. మావారు చింతపల్లి మిషన్ బడిలో మేష్టారుగా ఉండేవారు, మా బావగారికి మిరియాలూ కాఫీ తోటలుండేవి, అందరమూ అత్తగారి నీడన ఒకే ఇంట్లో కాపురం చేసేవాళ్లం. గుడిలో, అంటే మా చర్చిలో, పాట ఎత్తేదాన్ని నేను. పొగమంచుకు తలుపులు వేసుకున్న ఆ చిన్న గుడిలో నా గొంతు మొదట లేవడం, వెనక అరవై గొంతులు అందుకోవడం, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. నాకున్న గొప్ప అదొక్కటే. మా తోడికోడలికి ఆ గొప్ప కావాలి.

ఒక చలికాలం మా మూడేళ్ల పిల్లకు చలిజ్వరం పట్టుకుంది. మావారు ట్రైనింగుకు వెళ్లారు, ఆసుపత్రికి తీసుకుపోదామంటే ఆ సాయంత్రం ఒక్క జీపూ లేదు. మా తోడికోడలు కొండమీది దిసారి దగ్గరికి, అంటే మంత్రం వేసి వేరుమందు ఇచ్చే ముసలాయన దగ్గరికి వెళ్లి, గుడ్డలో చుట్టిన వేరు ఒకటి నల్లతాడుకు కట్టించి తెచ్చి, తన చేత్తోనే పిల్ల మొలకు కట్టింది. మా సంఘంలో అది పెద్ద తప్పు. తెలిసీ భయంతో నేను వద్దనలేదు, ఆ మాత్రం తప్పు నాదే. మర్నాడు ఆసుపత్రి మాత్రలతో జ్వరం దిగింది. ఆ ఆదివారమే సంఘపెద్దలు ఇంటికొచ్చి పిల్ల గౌను ఎత్తి చూశారు. వాళ్లకు చెప్పిందెవరో నేను వేరే చెప్పాలా? పైగా వాళ్ల పక్కనే నిలబడి, "ఏటమ్మీ, ఇలాటి పని సేసినావు" అని బుగ్గన వేలేసుకుంది.

తప్పు నా మీదే వేసుకుని పిల్ల గౌను సర్దాను. అత్తగారు గుమ్మంలోనే కూర్చుని ఉన్నారు, పెద్దకోడలిని అబద్ధాలకోరంటే ఇల్లు రెండు ముక్కలవుతుంది. గొంతు మొదటిసారి బిగుసుకున్నది అప్పుడే. ఆరు నెలలు నన్ను ప్రభువు బల్లకు, అంటే రొట్టె అందుకోవడానికి, దూరం పెట్టి, తలుపు పక్కన చలిగాలి కొట్టే ఆఖరి బెంచీలో కూర్చోబెట్టారు. పాట మా తోడికోడలి పాలయింది. ఆవిడ ఎత్తిన పాట రెండో చరణానికి ఎప్పుడూ తెగేది, అదొక్కటే అప్పట్లో నాకు ఊరట.

మా సంఘంలో ఒక పద్ధతి ఉండేది. నెలలో మొదటి ఆదివారం, రొట్టె అందుకోబోయే ముందు, మనస్పర్థలున్నవాళ్లలో తప్పు చేసినవాళ్లు లేచి, అందరూ చూస్తుండగా రెండోవాళ్ల దగ్గరికి నడిచి వెళ్లి, చేయి పట్టుకుని సమాధానపడాలి. గడువు తీరాక కూడా మా ఇద్దరి ముఖాలూ కలవడం లేదని అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ప్రతి నెలా నన్నే లేపేవారు. నేను నడిచేదాన్ని, చేయి పట్టుకునేదాన్ని, ఆ తరువాత రొట్టెముక్క నోట్లో పెట్టుకుంటే గొంతులో ఉండ అడ్డుపడ్డట్టు ఉండేది. ఉప్పునీళ్లు పుక్కిలించాను, అల్లం మిరియాల కషాయం తాగాను. రెండు రోజులకు తగ్గేది, మళ్లీ నెలకు వచ్చేది.

ఆసుపత్రి డాక్టరమ్మ టార్చి వేసి చూసి, గొంతులో ఏమీ లేదని, ఈ పట్టు ఎప్పుడెప్పుడు వస్తోందని అడిగింది. చెప్పాను. ఆవిడ నవ్వలేదు. ఏడుపో కోపమో ఆపుకున్నప్పుడు గొంతు చుట్టూ కండరాలు బిగుసుకుంటాయని, అస్తమానూ గొంతు సవరించుకుంటే మరింత రేగుతుందని, భుజాలు జారవిడిచి, దవడ వదులు చేసి, నెమ్మదిగా ఊపిరి తీస్తూ గోరువెచ్చని నీళ్లు గుక్కగుక్కగా తాగమని చెప్పింది. మెతుకు దిగకపోయినా, గొంతు బొంగురు వారాల తరబడి వదలకపోయినా, నెత్తురు పడినా వెంటనే రమ్మంది. మనసులో మాట నమ్మకస్తులెవరికైనా చెప్పుకోమని కూడా అంది. ఊరంతటికీ చెప్పమని ఆవిడ అనలేదు, ఆ మోతాదు నా సొంతం.

పెద్దలు తెంపి అరుగు మీద పారేసిన ఆ నల్లతాడును నేను ఆనాడే ఏరి బైబిలులో దాచాను. వేరును చుట్టిన గుడ్డ మా తోడికోడలి ఆకుపచ్చ చీర పసుపు అంచు ముక్క. ప్రతి క్రిస్మస్‌కూ, కొత్త సంవత్సరానికీ ఆవిడ కట్టే చీర అది, ఊళ్లో చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. అత్తగారు కాలం చేసే వరకు ఊరుకున్నాను. ఆ తరువాతి క్రిస్మస్ దాటాక, మొదటి ఆదివారం అయ్యగారు లేపగానే నడిచి వెళ్లి, ఆ చీరలోనే ఉన్న ఆవిడ అరచేతిలో తాడూ గుడ్డా పెట్టి, "అక్కా, నీ సీర ముక్క నీకే ఇచ్చేత్తన్నాను, అంచు కలుపుకో" అన్నాను. ఆవిడ చటుక్కున చింపిన చెంగు కొస దాచుకుంది. అంతకంటే సాక్ష్యం ఎవరికి కావాలి?

ఆవిడకూ ఆరు నెలలే వేశారు, అదే ఆఖరి బెంచీ. ఆ బెంచీ దుమ్ము నేనే తుడిచాను. ఆ ఆరు నెలలూ ఆవిడకు అందని శ్రుతిలో పాటలెత్తాను. నాకు జాలి కలగలేదు, ఇప్పుడూ కలగడం లేదు. డాక్టరమ్మ చెప్పినవన్నీ చేశాను కనుక ఏ మందు పనిచేసిందో ప్రమాణం చేయలేను గాని, ఆ పట్టు మళ్లీ రాలేదు. అయితే గడువు తీరి, ఆవిడ లేచి నా దగ్గరికి నడిచి రావలసిన ఆదివారానికి రెండు వారాల ముందు మావారికి నర్సీపట్నం బదిలీ అయింది. ఆ నాలుగడుగులు ఆవిడ నడవనే లేదు.

ఆ ఫోనులోనే మెతుకు దిగుతోందా అని ముందు అడిగాను, దిగుతోందట. డాక్టరు గొట్టం వేసి చూసి ఏమీ లేదన్నాడట. వేన్నీళ్లు, భుజాలు, దవడ, ఊపిరి, అన్నీ ఓపిగ్గా చెప్పి, ఇంతకీ ఎప్పుడెప్పుడు వస్తోందని అడిగాను. "నీకు ఫోను సేద్దారనుకున్నప్పుడల్లా" అంది.

ఇప్పుడు ఆ గుడి పెద్దదైంది, మైకులూ కుర్చీలూ వచ్చాయి, మొదటి ఆదివారం ఎవరి కుర్చీల్లోంచి వాళ్లే చేతులూపి సమాధానం అనేసుకుంటారట. పేరు పెట్టి లేపే అయ్యగారు లేరు, నలుగురి ఎదుట నడిచే ఆ దారీ లేదు. ఉంటే మా ఇద్దరి పనీ ఏనాడో తేలిపోయేదేమో. తప్పయిందన్న ఒక్క మాట ఆవిడ గొంతు దాకా వచ్చి ఆగిందని నాకు తెలుసు, అక్కడ అది ఎంత నొప్పి పెడుతుందో ఇంకా బాగా తెలుసు. మళ్లీ చేస్తానంది. చేస్తే ఎత్తుతాను. ఆ మాట మాత్రం నేను అందించను, నడిచి రావలసింది ఆవిడే.