పాతర మీద జాకీ

మా అత్తవారి కారు నేలలోకి దిగిపోవడానికి కారణం భూకంపం కాదు, నా తెలుగు. ఆ ఘోరం చెబుతాను, మీరు మొహమాటపడకుండా నవ్వుకోండి. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అరవైల చివరి మాట. నాకు కొత్తగా పెళ్లయింది. మాది విజయనగరం, నాన్న తెలుగు పండితులు. మా ఇంట్లో మాటలో ఒత్తు జారితే గొంతులో ముద్ద దిగేది కాదు. అత్తవారిది భోగాపురం దగ్గర పల్లె, వ్యవసాయం. ఎవరో వదిలించుకున్న పాత కారు మావయ్య మోజుపడి కొన్నారు. అది నడిచిన రోజులకంటే నిలబడ్డ రోజులే ఎక్కువ.

ఆ సాయంత్రం బస్సుకి నాన్న మొదటిసారి వియ్యంకుడి ఊరు వస్తున్నారు. ఆయన్ని రోడ్డు దగ్గర్నుంచి కారులో తీసుకురావాలని మావయ్య ముచ్చట. ఊరంతా చెప్పేసుకున్నారు కూడా. తీరా చూస్తే వెనక చక్రంలో గాలి లేదు.

"విజినారం కబురెడదాం, మేస్త్రీ వస్తాడు" అన్నారు మావయ్య.

"ఈమాత్రానికి మేస్త్రీ ఎందుకు మావయ్యా? నేను లేనూ!"

నేను అంతవరకు కారు ఎత్తిన పాపాన పోలేదు. స్నేహితుడి అన్నయ్య ఎత్తుతుంటే సోడా తాగుతూ చూశాను. ఆ అనుభవం చాలనుకున్నాను.

జాగ్రత్తలు మాత్రం తక్కువ తీసుకోలేదండోయ్! పెరట్లో పేడతో అలికిన చదునైన చోటు చూసి కారుని అక్కడికి తోయించాను. హ్యాండ్ బ్రేకు లాగాను. ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టాను. జాకీ పెట్టబోతుంటే వంటింటి గుమ్మంలోంచి అత్తయ్య కేకేశారు.

"బాబూ, అక్కడొద్దు! పాతరున్నాది!"

చూశాను. నిజమే, పక్కనే ఇత్తడి గిన్నె ఒకటి ఉంది.

"పాతర కాదత్తయ్యా, పాత్ర! త కింద ర ఒత్తు" అని దిద్ది, గిన్నె తీసి అరుగు మీద పెట్టాను. "ఇదిగో, తీసేశాను."

"పాతర తీసీసినారా?" అత్తయ్య నోరు తెరిచారు. "ఒలే సరసా, మీ ఆయన పాతర తీసీసినారటే!"

"సదువుకున్నోరు కదమ్మా, తెలిసే సేస్తారులే" అని మా ఆవిడ నన్ను వెనకేసుకొచ్చింది. ఆ నమ్మకమే నా కొంప ముంచింది.

జాకీ తిప్పాను. చక్రం నేల వదిలింది. "అల్లుడంటే అలాగుండాల!" అన్నారు మావయ్య. నేను ఉబ్బిపోయి చక్రం ఊడదీసి పక్కకి దొర్లించాను. అప్పుడు కారు మెల్లగా దిగడం మొదలుపెట్టింది. కంగారుగా మళ్లీ జాకీ తిప్పాను. ఇంకా దిగింది. ఎత్తినకొద్దీ దిగే కారుని చూడటం నాకదే మొదలు.

నేల అడుగున చెక్కలు ఫటఫటా విరిగాయి. నేను ఒక్క గెంతులో అరుగెక్కేశాను. జాకీ కనిపించలేదు. కారు వెనక భాగం గోతిలో కూర్చుంది, లోపల్నుంచి చోళ్ల దుమ్ము, అదే రాగుల దుమ్ము, గుప్పున లేచింది.

"అయ్యో, నా సోడి గింజలు!" అని అత్తయ్య గుండెలు బాదుకున్నారు.

పాతరంటే గింజలు దాచే గొయ్యిట. చెక్కలు పరిచి, మట్టి కప్పి, పైన శుభ్రంగా అలికేస్తారట. నేనేమో ఊరికే అంత చదునైన చోటు దొరికిందని మురిసిపోయాను.

"గింజలకేటే, ఏరుకుందుం. ఇయ్యంకుడుగారి ముందర నా పరువో?" అని మావయ్య తల పట్టుకున్నారు. చేసేదిలేక ఎడ్లబండి కట్టించారు. ఆయన మొహం చూస్తే నాకు ఆ గోతిలోనే దూకాలనిపించింది.

నాన్న పంచె నిండా గడ్డి అంటించుకుని బండి దిగేసరికి ఊరు ఊరంతా మా పెరట్లోనే ఉంది. ఒకరు తాడు లాగుతున్నారు, పదిమంది సలహాలిస్తున్నారు, ఎవరో జీళ్లు కూడా అమ్ముతున్నారు. అత్తయ్య జరిగినదంతా, నేను పెట్టిన ఒత్తుతో సహా, పూసగుచ్చినట్టు చెప్పారు.

నాన్న గొయ్యి చూశారు. నన్ను చూశారు. గొంతు సవరించుకున్నారు.

"ఒరే, చెల్లెమ్మగారు చెప్పింది పాతర. నువ్వు విన్నది పాత్ర. చేసింది జాతర."

మావయ్య పగలబడి నవ్వారు. ఆయన నవ్వాక గానీ నాకు ఊపిరి ఆడలేదు.

ఆ గొయ్యి సాక్షిగా అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. కట్టె కాలేదాకా అత్తగారి మాట దిద్దను. ఆవిడ ఒత్తు మింగినా, దీర్ఘం తీసినా, ముందు జాకీ పక్కకి తీస్తాను. వ్యాకరణం ఆనక చూసుకుంటాను.