బంగారు కొన మీది పొర

మా బాపు కుడికాలు మోకాలి కింద తీసేసిన ఏడాది నేను పాలమూరులో ఒక దినపత్రికకు విలేకరిని. మా ఇల్లు నారాయణపేటలో. బాపుది అవుసలి పని, బంగారు నగలు చేసే పని. కూర్చుని చేసే పనే కాబట్టి కాలు లేకున్నా కొలిమి ఆగదని దవాఖానలో అందరూ ఓదార్చారు. నాకు ఓదార్పు అక్కర్లేదు. ఆయనకు చక్కెర అదుపులోనే ఉందని నెలల తరబడి చెప్పినవాడు నాకు కావాలి.

వాడు మా బజారులోనే రక్తపరీక్షల గది నడిపేవాడు. తొంభైల నడుమ వాడి దగ్గరికి ఒక కొత్త యంత్రం వచ్చింది. దాన్ని తయారుచేసింది హైదరాబాదులో ఒక పరిశోధకురాలు. రక్తపు చుక్కలో ఏదో మందు కలిపి, బంగారు కొన ఉన్న పుల్లను ముంచితే చక్కెర ఎంతుందో నిమిషంలో అంకె పడేది. పాత పద్ధతిలోనూ పరీక్ష చేసి రెండూ పోల్చి చూడమని ఆమె ఇచ్చింది. వాడు పాత పద్ధతి మానేసి, కొత్త అంకెనే చీటీ మీద రాసిచ్చాడు. జనం బారులు తీరారు.

బాపు అన్నం తిన్న రెండు గంటలకు, అంటే మధ్యాహ్నం, వెళ్లేవాడు. ప్రతిసారీ మంచి అంకె వచ్చేది. ఆ ధైర్యంతో మాత్రలు తగ్గించాడు. కాలి మడమ మీది పుండు మానలేదు.

నేను హైదరాబాదు వెళ్లి ఆ పరిశోధకురాలిని కలిశాను. ఆమె నన్ను తప్పించుకోలేదు. పాలు కాచిన గిన్నెకు అడుగంటినట్టు రక్తంలోని మాంసకృత్తులు బంగారానికి అంటుకుంటాయని, అంటుకున్నకొద్దీ అంకె తగ్గుతుందని చెప్పింది. అవి అంటకుండా ఆ కొన మీద ఒక పొర వేసిందట. ఒక్క అణువు మందమే ఉండే పొర. కంటికి కనపడదు, వేలికి తగలదు. స్వచ్ఛమైన నీటితో కడగడం తప్ప ఇంకేమీ చేయొద్దని కాగితం మీద రాసి, చదివానని వాడితో సంతకం కూడా పెట్టించుకుంది. దాని నకలు నాకిచ్చింది. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నప్పుడు నాకు కలిగింది సంతోషమే. దాచను.

మరుసటి వారం ఆమె నాతో నారాయణపేట వచ్చింది. వాడి గదిలోనే, నా చేతి నుంచి తీసిన ఒకే చిన్న సీసా రక్తంలో పుల్లను మళ్లీ మళ్లీ ముంచింది. ముంచిన ప్రతిసారీ అంకె దిగిపోయింది. రాత్రంతా నీళ్లలో నానితే ఆ అంటు వదిలేదట; అందుకే పొద్దున మొదట వచ్చినవాళ్లకు నిజం, మధ్యాహ్నం వచ్చినవాళ్లకు అబద్ధం. ఆమె పుల్లను వెలుతురుకు పెట్టి కొన మీది సన్నటి గీతలు చూపించి, దీన్నెవరో గట్టిగా రుద్దారని, అంకెలు దిగడం చూస్తే పొర పోయినట్టేనని అంది.

వాడు తడబడలేదు. కుర్చీలో వెనక్కి వాలి నా వైపు చూశాడు.

"రాస్కో సార్, నీ పేపరే గద. గని దాన్ని తోమిందెవరో గూడ రాయి. మీ బాపునే అడుగు."

ఇంటికి వచ్చి అడిగాను. బాపు ముందున్న పని ఆపలేదు. ఆ కొన మెరుపు తగ్గిందని, గిరాకీ ముందర బాగుండదని వాడే తెచ్చిచ్చాడట. మా బజారులో బంగారం మాసిపోతే అవుసలాయన ఇంటికే వస్తుంది, అది యంత్రానిదైనా సరే. కుంకుడు నురుగులో ఇటుక పొడి కలిపి, కుంచెతో అద్దంలా తోమిచ్చాడు బాపు. తరువాత ఆ పుల్లతోనే తన రక్తం చూపించుకున్నాడు.

ఆ తోమడంతోనే పొర పోయిందని, అంకెలు తప్పాయని చెప్పాను. చేతిలోని పని కింద పెట్టాడు. తోమిందెవరో చెప్పే ఆ ఒక్క వాక్యం వదిలేసి రాస్తానన్నాను. నా ఉద్యోగంలో అలాంటివి వదిలేయడం కష్టం కాదు.

"వదిలెయ్యకు," అన్నాడు. "నువ్వు ఇడిసిపెడితే వాడు పట్టుకుంటడు. తోమింది నా చెయ్యి అని రాయి. ముట్టుకోవద్దని దస్కతు పెట్టి, నాకు జెప్పకుండ తెచ్చిచ్చింది వాడని గూడ రాయి. పోతే ఇద్దరం పోతం."

అలాగే రాశాను. జిల్లా పేజీలో సంతకం ఫోటోతో సహా వచ్చింది. పది రోజుల్లో వాడి గదికి సీలు పడింది. బాపు దగ్గరికి కూడా ఆ ఏడాదంతా మెరుగు పెట్టమని ఎవరూ నగలు తేలేదు. యంత్రాన్ని చెడగొట్టిన చెయ్యి అనేవాళ్లు. ఆయన ఆ మాట విని తల ఊపేవాడు, ముందే తెలిసిన ధర చెల్లించినట్టు.

కొన్నాళ్లకు ఆ గదిలో ఎవరొచ్చారని అడిగాడు. చెప్పుల దుకాణమని చెప్పాను.

"ఒక్కటిస్తడేమో అడుగు," అన్నాడు. కాలు పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు ఆగాక, వాడిప్పుడు ఏడ ఉన్నాడో కనుక్కోమన్నాడు.

రాయచూరు వైపు ఒక చిన్న ఊళ్లో వాడు మళ్లీ బోర్డు పెట్టాడని తెలియడానికి రెండు నెలలు పట్టింది. ఆ ఊరి విలేకరికి సంతకం ఉన్న కాగితం నకలు, మా పేపరు ముక్క కలిపి రిజిస్టర్డు పోస్టులో పంపాను. కవరు మీది అడ్రసు బాపే రాస్తానన్నాడు. నగ మీద అక్షరాలు చెక్కినట్టు, ఒక్కో అక్షరం నింపాదిగా రాశాడు.