మా పేట ముఖాలకు మార్కులు

బాగా ఎరిగిన ముఖమే మనిషికి అందంగా కనబడుతుందని నేను చదివిన పుస్తకాలన్నీ చెప్పాయి. మన దగ్గరా అది నిజమేనా అన్నదే నా సైకాలజీ పరిశోధన. శ్రీకాకుళం జిల్లాలో, సముద్రం ఒడ్డున, నేను పుట్టిన పేటకే ఫొటోలు పట్టుకుని వెళ్లాను. సగం పేటవాళ్లవి, సగం పేటవాళ్లెవరూ ఎరగని కొత్తవలస వైపు మనుషులవి. ఒక్కో ముఖం పేటవాళ్లకే చూపించి, అందానికి ఏడుకు ఎన్ని మార్కులేస్తారని అడగాలి.

కొత్తవలస వాళ్లకు అయిదులూ ఆరులూ ధారాళంగా పడ్డాయి. పేటవాళ్లకు అన్నీ ఒకట్లు, రెండ్లు. చేపల తట్ట దించి కూర్చున్న మా పిన్ని, సొంత కూతురి ఫొటో చూసి మూతి తిప్పింది.

“ఇదేటి ముఖమే! ఒకటి ఏసీయ్.”

ఆ పిల్ల చక్కదనం పేటంతా ఎరిగినదే. “నిజం సెప్పు పిన్నీ” అన్నాను.

“నోర్ముయ్యే! మన పిల్లని మనమే బాగున్నాదనీసి అంటామేటి? దిష్టి తగిలిపోదూ?” అంటూ ఫొటో మీద తూ తూ అని ఉమ్మినట్టు చేసింది.

నాకు నవ్వాగలేదు. యూనివర్సిటీలో ఇదంతా చెబితే మా గైడ్ మాత్రం నవ్వలేదు.

“వాళ్లకు ప్రశ్నే అర్థం కాలేదమ్మా. ఆ పేట మార్కులన్నీ తీసేయ్. తీసేస్తేనే థీసిస్ మీద నా సంతకం.”

సంతకం లేకపోతే నా ఇన్నేళ్ల చదువు గంగలో కలిసినట్టే. అయినా ఒళ్లు మండిపోయింది. తమవాళ్ల మీద అంత ప్రాణం పెట్టుకుని, దిష్టి తగలకూడదని ఒకట్లు వేస్తే, అర్థం కాలేదంటాడేమిటి ఈయన! మా వాళ్లంటే అంత లోకువా?

“తీయను సార్” అని ముఖం మీదే చెప్పాను.

“మూఢనమ్మకాలను సైన్సులోకి తెస్తావా?” అని ఆయన గొంతు పెంచారు. అప్పుడే బల్ల మీద ఆయన కొత్త స్మార్ట్‌ఫోన్ వెలిగింది. తెర మీద ఆయన మనవరాలు, బుగ్గన ఇంత కాటుక చుక్కతో నవ్వుతోంది.

“పాపకు ఏడుకు ఎన్నేస్తారు సార్?”

“ఆ, ఏదోలే, మామూలుగా ఉంటుంది” అంటూ ఆయన చటుక్కున ఫోన్ బోర్లించారు.

“మామూలంటే ఎంత? రెండు వేసుకోనా?”

పేట మార్కులున్న అధ్యాయం ఆయన ముందుకు జరిపి, పెన్ను మూత తీసి చేతికిచ్చాను. సంతకం పడేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.