కుర్చీ జరిగిన చప్పుడు

శంషాబాద్‌లో నేను చాయ్ తాగే హోటల్లో ఎవరైనా ఇనుప కుర్చీని వెనక్కి నెడితే, ఆ కీచుమనే చప్పుడుకు నా చేతిలో గ్లాసు ఆగిపోతుంది. యాదగిరన్న గుర్తొస్తాడు. నేను మొదట పనిచేసిన చిన్న పత్రికలో వ్యాపార పేజీ ఆయనదే. నాకు డిగ్రీ లేదు. రాజేంద్రనగర్ గ్రంథాలయంలో కూర్చుని కంపెనీల లెక్కలు చదవడం నేర్చుకున్నానని గొప్పగా చెప్పుకుంటే, ఆ గొప్పను చూసే పనిలో పెట్టుకున్నాడు.

ఆయనదొక పద్ధతి. ఏ కంపెనీ వార్త వచ్చినా పేరు గట్టిగా చదివేవాడు. అందులో షేర్లున్నవాళ్లు కుర్చీ జరిపి లేచిపోవాలి, ఆ వార్త ముట్టుకోకూడదు. "సొంత వాటా ఉంటేనే కదన్నా శ్రద్ధగా చూస్తం?" అని ఒకసారి నా పుస్తక జ్ఞానం చూపించాను. "చూస్తవు తమ్మీ. చదివేటోని మొకమా, నీ జేబా?" అని నవ్వాడు.

ఒకరోజు విమానాశ్రయం పక్కన గోదాములు కడుతున్న కంపెనీ పేరు చదివాడు. గదిలో అందరూ లేచారు. యాదగిరన్న కాక నేనొక్కడినే మిగిలాను.

"నీకు లేవా?"

"కొననీకి పైసలేవన్నా?"

"గట్లయితే అది నీతి గాదు, లేనితనం. సరే, కూసో."

ఇద్దరం వెళ్లి చూశాం. కట్టామని చెప్పుకున్న గోదాముల చోట ఖాళీ నేల ఉంది. అదే రాశాం. మా పత్రిక యజమాని దాన్ని అచ్చు కాకుండా ఆపేశాడు. ఆయనకూ ఆ షేర్లున్నాయి. ఆయన మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

యాదగిరన్న తమ్ముడు మల్లేశ్, మహేశ్వరంలో పొలం అమ్మిన డబ్బంతా ఆ కంపెనీలోనే పెట్టాడు. "తమ్మునికి జర చెప్పన్నా" అని బతిమాలాను.

"పేపర్ల రాకముందే నా తమ్మునికొక్కనికి చెప్తే, మనల్ని నమ్మి చదివేటోళ్లు ఏం పాపం జేసిన్రు? ముందు అచ్చు గానియ్యి."

రోజూ యజమాని గదికి వెళ్లి అడిగేవాడు. వార్త అచ్చు కాలేదు. కంపెనీ మునిగింది.

మల్లేశ్ ఆఫీసుకొచ్చి అన్న ఎదురుగా కూర్చున్నాడు. అరవలేదు.

"నీకు ముందే ఎర్కనా అన్నా?"

"ఎర్కే."

మల్లేశ్ కుర్చీ వెనక్కి నెట్టి లేచిపోయాడు. యాదగిరన్న పోయినప్పుడు కూడా రాలేదు.

ఇప్పుడు నేను వేరే పత్రికలో ఉన్నాను. కొనగలిగే జీతమే వస్తోంది, అయినా ఒక్క షేరూ కొనలేదు. దానివల్ల ఎవరికి మేలు జరిగిందో నేను చదివిన ఏ పుస్తకంలోనూ దొరకలేదు. వార్త రాగానే కంపెనీ పేరు గట్టిగా చదువుతాను. అందరి ఫోన్లలో ఆ షేరు ధరే కదులుతూ ఉంటుంది. ఎవరూ లేవరు. నేను మాత్రం కాసేపు ఆ చప్పుడు కోసం ఆగి, తర్వాత రాయడం మొదలుపెడతాను.